రంగం నుంచి వచ్చిన పూలజాడీ నిజంగా మూడొందల ఏళ్ళదా? ఎలా చూసుకోవాలి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. నరసన్నపేట దగ్గర మీ తాతగారి పాత పెంకుటిల్లు విప్పుతున్నారు. అటక మీద రెండు పింగాణీ వస్తువులు దొరికాయి. ఒకటి అడుగున్నర ఎత్తు పూలజాడీ. తెలుపు మీద నీలంతో డ్రాగన్లు, మబ్బులు వేసి ఉన్నాయి. అడుగున జంట వలయంలో ఆరు చైనా అక్షరాలు. రెండోది లేసు గౌను వేసుకున్న దొరసాని బొమ్మ, దాని కింద ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు కత్తుల గుర్తు. ముత్తాతగారు రంగంలో, అంటే బర్మాలో ఉండి తెచ్చారని ఇంట్లో అనుకుంటారు. ఫోన్‌లో ఫొటో పెట్టి వెతికితే జాడీ చైనా చక్రవర్తి కాంగ్‌షీ కాలందని వచ్చింది. ఈలోగా ఒకాయన వచ్చి రెండూ కలిపి పాతికవేలకు అడిగాడు. ఇచ్చేయాలా, అసలు ఇవి పాతవేనా అని మీ ప్రశ్న.

ఇప్పుడే ఇవ్వకండి. వచ్చినాయన మంచివాడా చెడ్డవాడా అన్నది తర్వాత సంగతి. మీ చేతిలో ఉన్నదేమిటో ముందు మీకు తెలియాలి. నేను విజయనగరంలో పాత సామాను కొనడం, అమ్మడం, బాగుచేయడం మీదే బతికినవాణ్ణి. కోట చుట్టుపక్కల ఇళ్ళల్లో, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం వైపు పాత మేడల్లో ఇలాంటి పింగాణీ చాలానే చేతుల్లోకి తీసుకుని చూశాను. ఫొటో చూడకుండా తీర్పు చెప్పను గానీ, ఎలా చూడాలో వివరంగా చెబుతాను. సగం పని మీరే చేసుకోగలరు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ముందే చెబుతాను. అడుగున ఉన్న ముద్ర ఒక వస్తువు కొత్తదని తేల్చగలదు, పాతదని మాత్రం తేల్చలేదు. ముద్ర వేయడానికి ఒక కుంచె, ఒక నిమిషం చాలు. వందేళ్ళ అరుగుదలనీ, చేసిన పద్ధతినీ, మట్టినీ ఒకేసారి అనుకరించడం కష్టం. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు ముద్రని ఆఖర్న చూస్తారు. కొత్తవాళ్ళు దాంతోనే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

మీ జాడీనే తీసుకోండి. ఆరు అక్షరాల ముద్రని కుడివైపు వరుస నుంచి, పైనుంచి కిందికి చదవాలి. మొదటి రెండూ వంశం పేరు, మధ్య రెండూ చక్రవర్తి పేరు, చివరి రెండూ ఆయన కాలంలో చేసిందని చెప్పేవి. కాంగ్‌షీ పాలన 1662 నుంచి 1722 వరకు. మీ ఫోన్ చెప్పినట్టు ఆ అక్షరాలు కాంగ్‌షీవే కావచ్చు, అందులో తప్పేమీ లేదు. అయితే చైనా కుమ్మరులు పాత చక్రవర్తుల పేర్లు రాయడం తప్పుగా భావించలేదు. ఒక మంచి కాలం పేరు పెట్టడం వాళ్ళకి గౌరవం. కాంగ్‌షీ కాలంలోనే చేసిన ఎన్నో పాత్రల మీద, అంతకు రెండొందల ఏళ్ళ ముందు 1465 నుంచి 1487 వరకు పాలించిన చెంగ్‌హువా పేరు ఉంటుంది. తర్వాత గ్వాంగ్‌షూ చక్రవర్తి కాలంలో, అంటే 1875 నుంచి 1908 మధ్య, కాంగ్‌షీ తరహా నీలం తెలుపు పింగాణీకి యూరప్‌లో మోజు బాగా పెరిగింది. చైనాలో పింగాణీకి పేరుపడ్డ జింగ్‌డెజెన్ ఊళ్ళో అదే తరహా మళ్ళీ చేసి కాంగ్‌షీ పేరే వేశారు. ఇప్పటికీ వేస్తున్నారు. ఫోన్ చేసేది బొమ్మకి బొమ్మ పోల్చడమే. కాబట్టి అది అసలుదాని తేదీ చెబుతుంది గానీ మీ చేతిలో ఉన్నదాని తేదీ కాదు.

ఇంట్లో చెప్పుకునే కథ ముద్ర కన్నా ఎక్కువ పనికొస్తుంది, సరిగ్గా వాడుకుంటే. 1852లో రంగూన్ బ్రిటిష్ వాళ్ళ చేతికి వచ్చాక, స్టీమర్లు నడవడం మొదలయ్యాక, కళింగపట్నం, బారువ, భీమిలి, విశాఖ రేవుల నుంచి మన జనం వేలల్లో రంగం వెళ్ళారు. బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పనిచేశారు, కొందరు మేస్త్రీలుగా, వ్యాపారులుగా స్థిరపడ్డారు. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక ఉన్నపళంగా తిరుగుముఖం పట్టారు. చాలామంది కాలినడకన కొండలు దాటి వచ్చారు. అంత పెద్ద జాడీని ఆ నడకలో ఎవరూ మోయరు. కాబట్టి మీ ముత్తాతగారు తెచ్చుంటే అంతకు ముందే, ఓడలో తెచ్చి ఉండాలి. రంగూన్‌లో చైనా వర్తకుల కొట్లకు కొదవలేదు, అక్కడ అమ్మిన పింగాణీలో ఎక్కువ భాగం ఆ రోజుల్లో కొత్తగా తయారై వచ్చిందే. అంటే కథ నిజమైతే జాడీకి ఎనభై ఐదు నుంచి నూట ముప్ఫై, నూట నలభై ఏళ్ళ వయసు ఉండడం సహజం. మూడొందల ఏళ్ళకి మాత్రం ఆ కథ సాక్ష్యం కాదు. ఆయన ఏ సంవత్సరం వెళ్ళారో, ఎప్పుడు వచ్చారో, ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ వారంలోనే అడిగి రాసిపెట్టుకోండి. పాత పెళ్ళి ఫొటోల్లో వెనకాల బల్ల మీద ఈ జాడీ ఎక్కడైనా కనబడుతుందేమో చూడండి. అలాంటి ఒక్క ఫొటో దొరికితే, ఎవరో రాసిచ్చే సర్టిఫికెట్ కన్నా అది నాకు విలువైనది.

ఇక వస్తువు దగ్గరికి వద్దాం. నేల మీద దుప్పటి పరిచి, జాడీని పడుకోబెట్టి, పగటి వెలుగులో అడుగు చూడండి. అడుగున ఒక వలయం నేలకి ఆనుతుంది, అక్కడ గ్లేజు, అంటే గాజులా మెరిసే పైపూత ఉండదు, లోపలి మట్టి బయటికి కనిపిస్తుంది. నేను మొదట చూసేది అక్కడే. వేలితో తడమండి. పాతకాలం మంచి చైనా పింగాణీలో ఈ మట్టి సన్నగా, బిగువుగా, నున్నగా తగులుతుంది. పూత ఆగిన చోట ఒక్కోసారి నారింజ రంగు సన్నని గీత ఉంటుంది, మట్టిలో ఉన్న ఇనుము కొలిమి వేడికి అలా తేలుతుంది. కొత్తవాటిలో చాలావరకు మట్టి సుద్దలా తెల్లగా, గరుకుగా ఉంటుంది. పాతదిగా చూపించడానికి దాని మీద గోధుమరంగు నీళ్ళో, టీ డికాక్షనో పూస్తారు. తడి దూదితో ఒక మూల రుద్ది చూడండి. రంగు దిగితే అది పూసిన మురికే.

అరుగుదల కూడా అక్కడే తెలుస్తుంది. నిజంగా వాడిన వస్తువు పాత ఇంటి గడప అరిగినట్టు అరుగుతుంది, అంటే బరువు ఎక్కువ పడిన చోట ఎక్కువ, మిగతా చోట తక్కువ. గీతలు అన్ని దిక్కులా, ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉంటాయి, మురికి వాటి లోపలికి దిగి ఉంటుంది. గరుకు కాగితంతో రుద్దితే గీతలన్నీ ఒకే దిక్కున, ఒకే లోతులో పడతాయి. ఇక్కడ మీ ఇంటి సంగతీ గుర్తుపెట్టుకోవాలి. జాడీ ఏళ్ళ తరబడి అద్దాల బీరువాలోనో అటక మీదో కదలకుండా ఉండి ఉంటే అడుగు పెద్దగా అరగదు, కాబట్టి అరుగుదల లేదని వెంటనే కొత్తదని అనుకోవద్దు. నేను అనుమానించేది మరో రకాన్ని. వాడకానికీ అరుగుదలకీ పొత్తు కుదరనివి. అడుగంతా గీరుకుపోయి ఉంటుంది, ఎప్పుడూ చేయి తగిలే మూతి అంచు మాత్రం నిన్న తయారైనట్టు మెరుస్తుంటుంది. అలా ఉంటే ఎవరో పనిగట్టుకుని అరగదీశారని అర్థం.

తర్వాత ఉంగరాలు, గాజులు తీసేసి చేయి జాడీ లోపలికి పెట్టండి. ఇది చాలామంది చేయరు. పెద్ద జాడీల్ని చైనాలో కుమ్మరి సారె మీద రెండు మూడు ముక్కలుగా చేసి, పచ్చిగా ఉండగానే పలచని మట్టితో అతికేవాళ్ళు. బొడ్డు దగ్గరో, భుజం దగ్గరో అడ్డంగా చుట్టూ ఒక గట్టు చేతికి తగులుతుంది. సారె తిప్పినప్పుడు పడ్డ వేళ్ళ వరుసలు కూడా తెలుస్తాయి. అలా కాకుండా లోపలంతా ఒకే మందంలో నున్నగా ఉండి, నిలువునా అచ్చు గీత తగిలితే అది పలచని మట్టిని అచ్చులో పోసి చేసింది, కొత్తది అయ్యే అవకాశమే ఎక్కువ. చేతికి అడ్డగట్టు తగిలినంత మాత్రాన పాతదని సంబరపడొద్దు. జింగ్‌డెజెన్‌లో ఈ రోజుకీ సారె మీద చేసేవాళ్ళున్నారు. నేను మొదట చెప్పిన లెక్కే ఇక్కడా వర్తిస్తుంది. కొత్తదని చూపే గుర్తు ఒక్కటి కనిపించినా తీర్పు అయిపోతుంది, పాతదని చూపే గుర్తులు మాత్రం ఒకదాని మీద ఒకటి పోగుపడాలి.

నీలం రంగుకి భూతద్దం కావాలి. మీకు తెలిసిన కంసాలి దగ్గరికి వెళ్ళండి, కంటికి పెట్టుకునే పదిరెట్ల అద్దం ఆయన దగ్గర ఉంటుంది. అక్కడే కూర్చుని చూసుకోవచ్చు, కొనక్కర్లేదు. డ్రాగన్ గీతల అంచులు చూడండి. కుంచెతో వేసినది అయితే రంగు కొన్ని చోట్ల గుమిగూడి ముదురుగా, కొన్ని చోట్ల పలచగా ఉంటుంది, ఒక గీత మొదలైన చోటు, ఆగిన చోటు కనిపిస్తాయి. నాలుగు మబ్బులు వేస్తే నాలుగూ కాస్త తేడాగా ఉంటాయి. అచ్చు కాగితంతో అద్దినదైతే ఒకే బొమ్మ పదే పదే అచ్చంగా వస్తుంది, ఎక్కడో ఒకచోట కాగితం అతుకు తెగి బొమ్మ కలవకుండా ఉంటుంది. ఇలా అద్దడం ఇంగ్లండ్‌లో 1750ల నుంచే ఉంది, కాబట్టి అద్దినంత మాత్రాన కొత్తది కాదు. అయితే అద్దంలో వార్తాపత్రిక ఫొటోలో మాదిరి చిన్న చిన్న చుక్కలు వరుసగా కనబడితే మాత్రం అది ఆధునిక ప్రింటు. ఇక మిగతాది చూడనక్కర్లేదు. గోరుతో కూడా గీసి చూడండి. మీ జాడీలో నీలం పూత కింద ఉండాలి, గోరుకి తగలకూడదు.

పూత మీద సన్నని పగుళ్ళ వల ఉంటే పాతదే అని మన వైపు గట్టిగా నమ్ముతారు. అది సరికాదు. పూత, మట్టి చల్లారేటప్పుడు ఒకే మోతాదులో ముడుచుకోకపోతే మొదటి రోజే పగుళ్ళు వస్తాయి. కావాలని అలా చేసే పింగాణీ కూడా ఉంది. పగుళ్ళలో మురికి అంతటా ఒకే రంగులో ఉంటే ఏదో ద్రావణంలో నానబెట్టారని అనుమానించాలి. నిజమైన మురికి చేయి తగిలే చోట, దుమ్ము ఆగే చోట ఎక్కువగా, మిగతా చోట తక్కువగా ఉంటుంది.

అడుగున ఇంగ్లీషు అక్షరాలు, కొత్త లిపి ఏమైనా ఉన్నాయేమో కూడా జాగ్రత్తగా వెతకండి. ఇక్కడ ముద్ర నిజంగా పనికొస్తుంది. అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టం 1891లో అమల్లోకి వచ్చింది. బయటి నుంచి వచ్చే సరుకు మీద ఏ దేశంలో తయారైందో ఇంగ్లీషులో రాయాలని అది పట్టుబట్టింది. అందుకే కప్పు, సాసరు, ప్లేటు ఏదైనా సరే అడుగున ‘ఇంగ్లండ్’, ‘చైనా’ అని దేశం పేరు ఉంటే అది చాలావరకు 1891 తర్వాతదే. ‘మేడ్ ఇన్’ అని ఉంటే సాధారణంగా 20వ శతాబ్దం. జపాన్ సరుకు మీద 1891 నుంచి ‘నిప్పాన్’ అని వేసేవాళ్ళు, 1921 నుంచి ‘జపాన్’ అని మార్చారు. ‘చెకోస్లొవేకియా’ అని ఉంటే 1918కి ముందు అయ్యే అవకాశమే లేదు, ఆ దేశమే అప్పుడు పుట్టింది. ‘వెస్ట్ జర్మనీ’ అంటే 1949కీ 1990కీ మధ్య. ఇంగ్లండ్ సరుకు మీద 1842 నుంచి 1883 వరకు డైమండ్ ఆకారంలో రిజిస్ట్రేషన్ గుర్తు ఉంటుంది, 1884 నుంచి ఆర్‌డీ అనే అక్షరాలతో ఒక నంబరు. చైనా వస్తువు మీద అక్షరాలు 1956లో సరళం చేసిన లిపిలో ఉంటే అది ఆ తర్వాతదే అయ్యుంటుంది. చైనీస్ చదవడం వచ్చినవాళ్ళు ఎవరైనా ఫొటో చూసి ఒక్క చూపులో చెబుతారు. మైక్రోవేవ్, డిష్‌వాషర్ అని రాసి ఉన్నవాటిని కూడా పాతవని నా దగ్గరికి తెచ్చినవాళ్ళున్నారు. బీరువాలో చేయి పెట్టినప్పుడు గ్వాలియర్ పోటరీస్, బెంగాల్ పోటరీస్ అని ఉన్న కప్పులు దొరికితే అవి మన దేశంలో 20వ శతాబ్దంలో చేసినవి. వాటిని చిన్నచూపు చూడకండి, మన ఫ్యాక్టరీల చరిత్ర వాటిలో ఉంది.

దొరసాని బొమ్మ సంగతి వేరు. దీని మీద నాకు ఆశ తక్కువ, మీకు అనవసరపు ఆశ కలిగించడం ఇష్టం లేదు. ఆ కత్తుల గుర్తు జర్మనీలోని మైసెన్ కార్ఖానాది. యూరప్‌లో అసలైన గట్టి పింగాణీ మొదట తయారైంది అక్కడే, 1710లో పెట్టారు, 1720ల నుంచి ఆ కత్తులు వాడుతున్నారు. ప్రపంచంలో అంతగా దొంగిలించిన ముద్ర ఇంకోటి లేదేమో. అసలుదాని మీద కత్తులు పూత కింద చేత్తో గీసినవి, గీతల అంచులు కాస్త కరిగినట్టు ఉంటాయి, ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. మీ బొమ్మ కింద కత్తులు పూత మీద గోరుకి తగిలేలా, రబ్బరు ముద్ర వేసినట్టు శుభ్రంగా ఉంటే అది మైసెన్ కాదు. లేసు గౌను చేసే పద్ధతి గొప్పది. నిజమైన లేసు గుడ్డని పలచని పింగాణీ మట్టిలో ముంచి బొమ్మకి చుట్టి కాలుస్తారు, కొలిమిలో దారం కాలిపోయి మట్టి లేసు మిగులుతుంది. మైసెన్‌కి దగ్గర్లోని డ్రెస్డెన్ నగరం చుట్టుపక్కల చిన్న కార్ఖానాలు 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దంలో ఇలాంటివి చాలా చేశాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ వాటిని అనుకరించింది. అమెరికా ఆధీనంలో ఉన్న రోజుల్లో, 1952 వరకు, వాటిలో కొన్నిటి మీద ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటుంది. బొమ్మని తిప్పి అడుగున ఉన్న రంధ్రం చుట్టూ ఎక్కడైనా చెరిపేసిన, గీరేసిన మచ్చ ఉందేమో చూడండి. దేశం పేరు గీరేసి కత్తులు వేసి అమ్మడం పాత ఎత్తు. ఒక సంగతి మాత్రం చెప్పాలి, నకలు అయినంత మాత్రాన పాతది కాకుండా పోదు. పారిస్‌లో సామ్సన్ అనే సంస్థ 19వ శతాబ్దంలో మైసెన్‌నీ, చైనా పింగాణీనీ నకలు చేసింది. ఈ రోజు ఆ నకళ్ళనే వెతికి కొంటున్నారు.

రెండు వస్తువులకీ చేయాల్సిన పరీక్ష ఇంకోటి ఉంది. నోట్లు చూసే నీలి లైటు ఉన్న టార్చి తీసుకుని చీకటి గదిలో వాటి మీద వేయండి. తర్వాత పెట్టిన బంక, పూసిన రంగు చుట్టూ ఉన్నదానికన్నా వేరే వెలుగులో కనిపిస్తాయి. వేలి కణుపుతో మెల్లగా తట్టండి. బాగున్న జాడీ గణగణమంటుంది, కంటికి కనపడని బీట ఉంటే చప్పుడు మొద్దుగా వస్తుంది. విరిగిన చోట సన్నని లోహపు కుట్లు కనిపిస్తే మాత్రం వాటిని పీకకండి. ఇప్పటి బంకలు రాకముందు విరిగిన పింగాణీకి రంధ్రాలు వేసి అలా కుట్టేవాళ్ళు. అంత శ్రమపడి అతికించారంటే ఆ ఇంట్లో అప్పటికే దాన్ని అపురూపంగా చూసుకున్నారన్నమాట.

సబ్బు పొడి, బ్లీచింగ్, యాసిడ్ ఏదీ పెట్టకండి. బంగారు అంచు ఉంటే అసలు రుద్దకండి. ముక్క ఊడితే ఫెవిక్విక్ వేయకుండా పొట్లం కట్టి దాచండి. తడి గుడ్డతో మెల్లగా తుడిస్తే చాలు.

ల్యాబులో కాలనిర్ణయం చేయించవచ్చా అంటారేమో. థర్మోల్యూమినిసెన్స్ అనే పరీక్ష ఉంది, మట్టి చివరిసారి ఎప్పుడు కాలిందో అంచనా వేస్తుంది. దానికి వస్తువు నుంచి కొంచెం మట్టి తొలిచి తీయాలి, ఫలితంలో తేడా పదుల సంవత్సరాల్లో ఉంటుంది. రెండు వేల ఏళ్ళ మట్టి బొమ్మకి అది బాగా పనికొస్తుంది. నూరేళ్ళదా, అరవై ఏళ్ళదా అన్న మీ ప్రశ్నకి దాని వల్ల లాభం లేదు, జాడీకి రంధ్రం మిగులుతుంది.

చట్టం గురించి కూడా తెలుసుకోండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన ఇలాంటి కళా వస్తువు పురావస్తువు అవుతుంది. మీ ఇంట్లో ఉంచుకోవడంలో తప్పు లేదు. అయితే అలాంటివి అమ్మడం వ్యాపారంగా చేసేవాళ్ళకి లైసెన్సు ఉండాలి, మామూలు మనుషులు వాటిని విదేశాలకి పంపకూడదు. కొనడానికి వచ్చినాయన్ని లైసెన్సు ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. ఇంకో మాట, ఇల్లు విప్పాక పునాదుల్లో తవ్వేటప్పుడు పాత మట్టి బొమ్మలో, కుండలో బయటపడితే అది వేరే లెక్క. పాత బౌద్ధ స్తూపాల శాలిహుండం, పాత గుళ్ళ ముఖలింగం ఉన్న వంశధార ఒడ్డు మనది. భూమిలో దొరికిన నిధి, విలువైన వస్తువు ఏదైనా 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకి తెలియజేయాలి, దాచుకోకూడదు.

ధర సంగతి. పాతదైతే లక్షలు అనుకోకండి. గ్వాంగ్‌షూ కాలపు జాడీలు ప్రపంచంలో చాలా ఉన్నాయి, పెచ్చు ఊడినవాటికి విలువ బాగా తగ్గుతుంది. జత ఉంటే పెరుగుతుంది, కాబట్టి రెండో జాడీ మీ బాబాయిల ఇళ్ళల్లో ఎక్కడైనా ఉందేమో కనుక్కోండి. అమ్మిపెడతాను, ముందు సర్టిఫికెట్‌కి ఖర్చు పంపండి అనేవాళ్ళకి రూపాయి కూడా ఇవ్వకండి. ఎప్పుడైనా హైదరాబాద్ వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా, జపాన్, యూరప్ పింగాణీ గదుల్లో ఒక పూట గడపండి. ముందు మీ జాడీని బాగా చూసి వెళ్ళి, అక్కడి నీలం రంగుని పోల్చి చూడండి. కంటికి అలవాటు అలాగే అవుతుంది.

నాకు కావలసిన ఫొటోలు ఇవి. పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా అడుగు మొత్తం ఒకటి, పూత లేని వలయం దగ్గరగా ఒకటి, మూతి అంచు, జాడీ లోపలివైపు టార్చి వేసి ఒకటి. కంసాలి అద్దం మీద ఫోన్ కెమెరా పెట్టి డ్రాగన్ కన్ను దగ్గర ఒకటి తీయండి. బొమ్మకైతే కత్తుల గుర్తు దగ్గరగా, దాని రంధ్రం, లేసు చిరిగిన అంచు ఉంటే అది. పక్కన స్కేలు పెట్టండి, బరువు కూడా తూచి రాయండి. అవి వచ్చాక జాడీ గురించి ఇంత కాలంది అని, ఎందుకు అలా అనుకుంటున్నానో కూడా రాస్తాను. ఇల్లు విప్పే కూలీలు అటు తిరుగుతుండగా వాటిని అక్కడ ఉంచకండి, ఈ రోజే వేరే ఇంటికి చేర్చండి. జాడీని మూతి పట్టుకుని ఎత్తొద్దు, ఒక చేయి అడుగున, ఒక చేయి బొడ్డు మీద వేసి ఎత్తండి.